అలారం ఊరికే మోగదు

నా కుడి చెవి ఇప్పుడు సగమే పనిచేస్తుంది. ముప్పై ఏళ్లు అలారాల హూటర్ల కింద నిచ్చెన వేసుకుని నిలబడినందుకు మిగిలిన గుర్తు అది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే: పరీక్ష చేసేటప్పుడు చెవుల్లో దూది పెట్టుకోండి. మా రోజుల్లో ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాళ్లం కాదేమో.

ఇళ్లలో, అపార్టుమెంట్లలో పొగను పసిగట్టే అలారాలను చూసుకోవడం నా పని. వాటిని బిగించడానికి ఒక రోజు చాలు. ఆ తర్వాత ఏళ్ల తరబడి వచ్చే ఫోన్లన్నీ ఒకే రకం: మంటా లేదు, పొగా లేదు, ఇది మాత్రం మోగుతోంది, వచ్చి ఆపండి. విజయవాడలోనూ చుట్టుపక్కల డెల్టా ఊళ్లలోనూ నా ఉద్యోగమంతా ఆ ఒక్క ఫిర్యాదుకు జవాబు వెతకడంతోనే గడిచింది. ఆపడం ఎవరికైనా వచ్చు. వైరు పీకేస్తే ఆగిపోతుంది. ఎందుకు మోగిందో చెప్పడానికే మనకు జీతం ఇస్తారు. ఇది నాకు ఒకరు నేర్పారు. నేర్చుకున్నాక కూడా ఒకసారి మరిచిపోయాను. ఆ రెండూ రాస్తాను.

సత్యంగారి పొట్లం

నా మొదటి యజమాని సత్యంగారు. ఏలూరు రోడ్డు పక్క సందులో ఒకే గది ఆఫీసు. అంతకుముందు ఆయన రేడియోలు బాగుచేసేవారు. మనిషి మెత్తన, పని దగ్గర మాత్రం కటువు.

నేను చేరిన మొదటి వానాకాలంలో గన్నవరం నుంచి ఫోను వచ్చింది. ఒక డాక్టరుగారి కొత్త ఇల్లు. సాయంత్రం వాన వెలిసి దీపాలు వెయ్యగానే అలారం మోగుతోందట. నేను వెళ్లి, పొగను పసిగట్టే డిటెక్టరు విప్పి, ఊది, తుడిచి, మళ్లీ బిగించి వచ్చాను. కాగితం మీద 'ఫాల్స్ అలారం' అని రాసి సత్యంగారి బల్ల మీద పెట్టాను. ఆయన చదివి నాకే తిరిగిచ్చారు.

"అందులోంచి ఏం ఊడిపడింది?" అని అడిగారు.

చూడలేదన్నాను.

"మరి రేపు మోగితే ఏం చెబుతావు? లోపలికి ఏదో ఒకటి పోకుండా అది మోగదు. పొగ కాకపోతే ఏమిటో చెప్పు. దొరికినదాన్ని పొట్లం కట్టి తీసుకురా."

మర్నాడు వాన వెలిసేదాకా ఆ ఇంటి వరండాలో కూర్చున్నాను. దీపం వెయ్యగానే ఉసిళ్లు ముసురుకున్నాయి. హాల్లో ట్యూబులైటు పక్కనే డిటెక్టరు. లోపలి జాలీ ఒక మూల చిరిగి ఉంది. అందులోంచి ఒక ఉసిలి దూరింది, అలారం మోగింది. విప్పి, రాలిన రెక్కలు కాగితంలో పొట్లం కట్టి, బస్సులో తెచ్చి సత్యంగారికి ఇచ్చాను. ఆయన ఆ పొట్లం తెరిచి కళ్లజోడు సర్దుకుని చూశారు. అప్పుడు సంతకం పెట్టారు. జాలీ మార్చి, డిటెక్టరును దీపానికి దూరంగా జరిపాక ఆ ఇంటి నుంచి మళ్లీ ఫోను రాలేదు.

అక్కడి నుంచి నాకు ఇది ఒక పట్టుదల అయింది. చల్లపల్లిలో ఒక రైతు కుటుంబం ఇంట్లో బ్యాటరీతో నడిచే అలారం ఉండేది. దాని బ్యాటరీ అయిపోవచ్చి, ఉండుండి చిన్నగా కిచకిచలాడేది. ఆ ఇంటి పెద్దావిడ అది బల్లి పలుకు అనుకున్నారు. బయలుదేరిన ప్రతిసారీ బల్లి పలకడంతో వారం రోజులుగా ఇంట్లో ఎవరినీ ఊరు దాటనివ్వలేదు. నేను బ్యాటరీ మార్చి చూపించాను. ఆవిడ నమ్మలేదు. ఆ రోజంతా బల్లి పలకకపోయేసరికి, సాయంత్రం నాకు కాఫీ ఇస్తూ, "పోన్లే నాయనా, నువ్వొచ్చాక దోషం పోయింది" అన్నారు. నేను వాదించలేదు. ఎవరి కారణం వాళ్లది, మనకు కావలసింది అలారం గోడ మీద ఉండడం.

నేను రాసిన ఒక్క మాట

సత్యంగారు పోయాక ఆయన సంస్థ పెద్ద కంపెనీలో కలిసింది. నాకు పైన రమేష్ అనే మేనేజరు వచ్చాడు. నాకంటే చిన్నవాడు, చురుకైనవాడు, చెడ్డవాడు కాదు. కానీ రోజుకు ఎన్ని ఫిర్యాదులు ముగించామన్నదే అతని లెక్క. ఉసిలి కోసం వరండాలో కూర్చునే కాలం పోయింది. నేనూ మెల్లగా ఆ వేగానికి అలవాటు పడ్డాను. తప్పు అతని మీద తోసెయ్యను. చెయ్యి నాది, పెన్ను నాది.

పటమటలో ఒక అయిదంతస్తుల అపార్టుమెంటు మా చేతిలో ఉండేది. ప్రతి ఫ్లాటు హాల్లో ఒక డిటెక్టరు, వాటన్నిటికీ కలిపి గేటు దగ్గర వాచ్‌మన్ గదిలో ప్యానెలు. ఎక్కడ పొగ తగిలినా ఆ ఫ్లాటు నంబరు ప్యానెల్లో కనిపిస్తుంది, భవనమంతా హూటర్లు మోగుతాయి. మే నెలలో అక్కడి నుంచి వరసగా ఫిర్యాదులు వచ్చాయి. ప్రతిసారీ ఒకటే నంబరు, నాలుగు వందల రెండు.

ఆ ఫ్లాటులో కరుణగారు అద్దెకుండేవారు. నలభై దాటిన మనిషి. భర్త లేరు, తనూ, తను అక్కా అని పిలిచే తోడికోడలూ కలిసి ఉంటారు. తెల్లవారకముందే లేచి కూరలు, పచ్చళ్లు, వేపుళ్లు వండి బందరు రోడ్డులో ఉన్న ఒక కర్రీ పాయింటుకు పంపుతారు. అదే జీవనం.

నేను సోమవారం పొద్దున వెళ్లాను. వంటింట్లో పెద్ద మూకుడు, ఎండుమిరపకాయల తాలింపు, పక్క పొయ్యి మీద ఎండుచేపలు. గుమ్మంలోనే నాకు దగ్గు వచ్చింది. ఇక చూసేదేముంది అనుకున్నాను. నిచ్చెన కూడా ఎక్కలేదు. కారణం అన్న గడిలో 'వంట పొగ' అని రాసి, అసోసియేషన్ సెక్రటరీ శ్రీనివాసరావుగారి చేత సంతకం చేయించుకుని వచ్చేశాను. ఆ ఇంట్లో గడిపింది పది నిమిషాలు కూడా కాదు.

నాలుగో రోజున కరుణగారు మా ఆఫీసుకు వచ్చారు. చేతిలో రెండు కాగితాలు. ఒకటి నేను రాసిన దాని నకలు. రెండోది అసోసియేషన్ ఇచ్చిన నోటీసు. ఆమె వంటల వల్ల పదేపదే అలారం మోగుతోందని, పెద్దవాళ్లు మెట్లు దిగలేక అవస్థ పడుతున్నారని, సర్వీసు ఇంజనీరు కూడా ధ్రువీకరించాడని, నెలాఖరుకు ఖాళీ చేయాలని అందులో ఉంది. ఆ ఇంజనీరు నేనే.

ఆమె కోపంగా లేరు. కుర్చీలో కూర్చుని, నీళ్లు తాగి, నెమ్మదిగా అడిగారు.

"మొన్న మోగింది ఆదివారం మధ్యాహ్నమండీ. ఆదివారం మేం పొయ్యి వెలిగించం. నేనూ మా అక్కా చర్చిలో ఉన్నాం. ఇంటికి తాళం. మేం వచ్చేసరికి జనమంతా మా గుమ్మం ముందున్నారు. ఆ సంగతి మీరు నన్ను అడిగారా?"

అడగలేదన్నాను.

"అడిగితే చెప్పేదాన్ని కదండీ."

ఉద్యోగంలో నన్ను చాలామంది తిట్టారు. తాగి వచ్చి నిచ్చెన తన్నినవాళ్లున్నారు. ఆ మాట తగిలినంతగా ఏదీ తగల్లేదు. తాళం వేసిన ఇంట్లో, వెలగని పొయ్యికి నేను నేరం అంటగట్టాను. ఆ ఒక్క మాట పట్టుకుని ఒక మనిషిని ఇల్లు ఖాళీ చేయమంటున్నారు. మర్నాడు పొద్దున అయిదింటికి వస్తానని ఆమెతో చెప్పాను. కారణం దొరికేదాకా వెళ్లనని కూడా చెప్పాను.

చల్లారిన పొయ్యి

అన్నట్టే వెళ్లాను. హాల్లో డిటెక్టరు కింద కుర్చీ వేసుకుని గడియారం చూస్తూ కూర్చున్నాను. కరుణగారు ఎప్పటిలాగే వండారు. తాలింపులు వేశారు, చేపలు వేయించారు, గోంగూర మగ్గించారు. వంటింటి కిటికీ తెరిచే ఉంది, పొగను బయటికి లాగే ఫ్యాను తిరుగుతూనే ఉంది. కారం ఘాటు హాల్లోకి వచ్చింది, పొగ మాత్రం రాలేదు. పదింటికల్లా క్యారియర్లు వెళ్లిపోయాయి. వంటిల్లు కడిగారు. అలారం ఒక్కసారి కూడా మోగలేదు.

ఎండ పెరిగింది. మధ్యాహ్నం అన్ని ఫ్లాటుల్లోనూ ఏసీలు వేసుకున్నారు. కరుణగారూ తోడికోడలూ అక్కాచెల్లెళ్లలా పళ్లేలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. నాకూ వడ్డించారు. పొయ్యి చల్లారి నాలుగు గంటలు దాటింది. నేను రెండో ముద్ద నోట్లో పెట్టుకోబోతుండగా హూటర్లు అందుకున్నాయి.

చెయ్యి కడుక్కోకుండానే నిచ్చెన ఎక్కాను. డిటెక్టరు విప్పి, అది బిగించిన చోట ఫాల్స్ సీలింగుకు ఉన్న రంధ్రం దగ్గర ముక్కు పెట్టాను. చేప వాసన కాదు, కారం కాదు. రబ్బరు కాలుతున్న వాసన, చాలా సన్నగా. డిటెక్టరులోకి గాలి గదిలోంచి కాదు, సీలింగు పైనుంచి వస్తోంది. పక్క పలక ఎత్తి టార్చి వేశాను. ఆ గోడకు అవతల ఉన్నది భవనమంతటికీ కరెంటు కేబుళ్లు పైకి వెళ్లే గూడు. అక్కడి నుంచి ఈ ఫ్లాటులోకి వైర్లు వచ్చే కన్నం చుట్టూ గోడ నల్లగా మసి పట్టి ఉంది.

ఎండాకాలం మధ్యాహ్నం లోడు పెరిగినప్పుడల్లా ఆ గూట్లో ఏదో కాలుతోంది. ఆ పొగ కన్నంలోంచి కరుణగారి సీలింగులోకి వస్తోంది. ఎండుచేపల వాసనతో విసిగిపోయిన చుట్టుపక్కలవాళ్లు ఇంకో వాసన ఉందేమోనని ఎప్పుడూ అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

సంతకం

కిందికి దిగేసరికి శ్రీనివాసరావుగారు వాచ్‌మన్ గదిలోనే ఉన్నారు. ఆయన బ్యాంకులో చేసి రిటైరైన మనిషి. జీతం లేకపోయినా భవనం కోసం పొద్దస్తమానం తిరుగుతారు. ఆ రోజు ఆయన చేతిలో ఒక అర్జీ సిద్ధంగా ఉంది. నాలుగు వందల రెండు ఖాళీ అయ్యేదాకా దాని అలారం కనెక్షను తీసేయమని, కింద నా సంతకానికి జాగా వదిలి రాసుకొచ్చారు.

నేను చూసింది చెప్పి, గూడు తాళం అడిగాను. ఎలక్ట్రీషియను ఉగాదికి ముందే చూసి వెళ్లాడని, ఇప్పుడు గూడు తెరవాలంటే మెయిన్ ఆపాలని, ఈ ఎండలో కరెంటు తీస్తే అరవై కుటుంబాలు తన మీద పడతాయని ఆయన అన్నారు. అదీ నిజమే. రమేష్‌కు ఫోను చేశాను. వాళ్లు అడిగినట్టు చేసి రమ్మన్నాడు. కాంట్రాక్టు గడువు దగ్గర పడిందని గుర్తు చేశాడు. కరెంటు సంగతి మన పని కాదు కదా అన్నాడు. అది కూడా నిజమే.

అందరి మాటలూ నిజంగానే ఉన్న చోట మనిషి తేలిగ్గా లొంగిపోతాడు. ఈ పనిలో మీరు కూడా అలాంటి చోటికి వస్తారు. అప్పుడు మీరు చూసినదాన్ని గట్టిగా పట్టుకోండి. నేను చూసింది మసి.

"శ్రీనివాసరావుగారూ, నేను సంతకం పెట్టను. ఈ అలారం తియ్యను. గూట్లో ఏదో కాలుతోందని ఒక కాగితం మీద రాసి, నా పేరు పెట్టి, లిఫ్టు తలుపు మీద అంటిస్తాను. చదివాక ఏం చెయ్యాలో మీరంతా కలిసి చూసుకోండి."

"బెదిరిస్తున్నారా?"

"లేదండీ. మొన్న చూడకుండా రాశాను. ఇవాళ చూసి రాస్తున్నాను."

ఆయన తన అర్జీని మడిచి చంకలో పెట్టుకున్నారు. తర్వాత జేబులోంచి తాళాల గుత్తి తీశారు. వాచ్‌మన్ గోపాలం మెయిన్ ఆపాడు. ముగ్గురం నాలుగో అంతస్తుకు మెట్లెక్కి వెళ్లాం.

గూడు తలుపు తెరవగానే మొహానికి సెగ కొట్టింది. పై అంతస్తులకు వెళ్లే కేబుల్లో ఒక అతుకు ఉంది. దానికి చుట్టిన టేపు కరిగి, కిందికి కారి, గడ్డకట్టింది. రాగి నల్లబడింది. దాని కింద, మూర దూరంలో, మిగిలిపోయిన రంగు డబ్బాలు, థిన్నరు సీసా, పాత ఫ్లెక్సీలు చుట్టలుగా పేర్చి ఉన్నాయి. దాచుకోవడానికి చోటు లేక ఎవరో అక్కడ సర్దారు. ఆ గూటిని ఆనుకునే మెట్లు. అయిదో అంతస్తు వాళ్లకు దిగడానికి వేరే దారి లేదు. శ్రీనివాసరావుగారి ఫ్లాటు అయిదో అంతస్తులోనే.

ఆయన రంగు డబ్బాల వైపు చూస్తూ నిలబడ్డారు. "మా అమ్మాయి పెళ్లికి రంగులేయించినప్పటివి, నేనే పెట్టించాను" అన్నారు. తర్వాత వంగి తనే ఒక్కొక్కటీ బయటికి తీయడం మొదలుపెట్టారు. నేనూ గోపాలమూ చెయ్యి వేశాం. మూడోవంతు కూడా ఖాళీ కాకముందే ఆయన చొక్కా చెమటతో తడిసిపోయింది, అయినా ఆగలేదు.

అతుకు తీసి కొత్త కేబులు వేయడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ భవనంలో కరెంటు లేదు. ఎవరూ పెద్దగా గొడవ చెయ్యలేదు. తలుపు తెరిచే ఉంచిన ఆ గూటి ముందు నుంచే అందరూ ఎక్కి దిగారు, అందుకని.

సెల్లారులో సమావేశం

మరుసటి ఆదివారం సాయంత్రం సెల్లారులో కుర్చీలు వేసి అసోసియేషన్ సమావేశం పెట్టారు. నన్ను పిలవలేదు. నేనే వెళ్లాను. నేను రాసిన మొదటి కాగితం అబద్ధమని, డిటెక్టరు విప్పకుండా, ఇంటివాళ్లను అడగకుండా రాశానని, నాలుగు వందల రెండులో వంట వల్ల అలారం ఒక్కసారి కూడా మోగినట్టు నాకు ఆధారం దొరకలేదని ఇంట్లో రాసుకుని వెళ్లి అక్కడ చదివాను. కరుణగారు వెనక స్తంభం పక్కన నిలబడి విన్నారు.

ముందు వరసలో ఒకాయన లేచి, "అది సరే, మరి ఆ చేపల వాసన సంగతి?" అన్నాడు. కొంతమంది నవ్వారు. శ్రీనివాసరావుగారు నవ్వలేదు. "ఆ అలారం తీయించేసి ఉంటే ఇవాళ మనకు ముక్కులు ఉండేవి కావు, కూర్చోండి" అన్నారు. నోటీసు వెనక్కి తీసుకుంటున్నట్టు మినిట్సు పుస్తకంలో తనే రాశారు.

కథ అంతటితో చక్కబడిందని చెప్పలేను. కాంట్రాక్టు మాకు మళ్లీ రాలేదు. మేనేజరు మాట వినని నా మీద అసోసియేషన్‌కు నమ్మకం కలిగినా కంపెనీ మీద కలగలేదు, కంపెనీకేమో నా మీద ఉన్నదీ పోయింది. తప్పు రాశానని నలుగురిలో ఒప్పుకోవడం సంస్థకు చెడ్డపేరని రమేష్ అన్నాడు. నన్ను కొండపల్లి వైపు వేశాడు. అక్కడ బొమ్మలు చేసే ఒక పెద్దాయన ఇంట్లో అలారం రోజూ మోగేదట. పొణికి చెక్క మీద గరుకు కాగితం రుద్దినప్పుడు లేచే పొడి దానికి పొగలా కనిపిస్తోంది. అంతకుముందు వెళ్లినవాళ్లు దానికి ప్లాస్టిక్ సంచి కట్టి వచ్చారు. నేను సంచి విప్పి, అలారాన్ని పని చేసే వరండాలోంచి తీసి, ఆయన పడుకునే గది ముందు బిగించాను. ఆయన్ని ముందు నాలుగు ప్రశ్నలు అడిగాను కాబట్టి ఆ పని అరగంటలో అయింది. అడగకపోతే ఏడాదైనా తెమలదు.

డిటెక్టరుకు సంచి కట్టినవాణ్ణి, టేపు వేసినవాణ్ణి నేను క్షమించను. తెలియక చేసే పని కాదది, తొందరలో చేసే పని. నేనూ ఆ తొందరలో ఉన్నవాణ్ణే, అందుకే ఇంత కచ్చితంగా చెబుతున్నాను. మనం వెళ్లేసరికి ఇంటివాళ్లు విసిగి ఉంటారు, పక్కింటివాళ్లు అప్పటికే తీర్పు చెప్పేసి ఉంటారు. అందరికీ నచ్చే కారణం ఒకటి గుమ్మంలోనే ఎదురవుతుంది. అది నిజమో కాదో చూడకుండా రాయకండి.

నోటీసు వెనక్కి తీసుకున్న రెండు నెలలకు కరుణగారు ఆ ఫ్లాటు తనంతట తనే ఖాళీ చేశారు. శ్రీనివాసరావుగారు ఉండమని రెండుసార్లు అడిగారట. "వాళ్లు బాగానే మాట్లాడుతున్నారండీ. కానీ చేప వేయించేటప్పుడల్లా తలుపు వంక చూడాల్సి వస్తోంది" అని నాతో ఫోన్లో అన్నారు. యనమలకుదురులో కింద వాటా ఒకటి తీసుకుని, ముందు గదిలో సొంత కర్రీ పాయింటు పెట్టుకున్నారు.

తెరిచిన వారానికి నన్ను పిలిచారు. భోజనానికనుకున్నాను. వెళ్లేసరికి నిచ్చెన గోడకు వేసి ఉంది. పడక గదికి పొగ అలారం, వంటింటికి వేడిని పసిగట్టేది కావాలన్నారు. వంటింట్లో పొగది పెట్టకూడదని ఆమెకు అప్పటికే తెలుసు, నేను చెప్పనక్కర్లేకపోయింది. రెండూ బిగించి, మోగించి చూపించి కిందికి దిగాను. ఆమె కాగితం కోసం చెయ్యి చాచారు. నేను రాసింది మొదటి నుంచి చివరిదాకా చదివారు, ప్రతి గడీ. చదివి మడిచి, లోపల పెట్టుకున్నారు.

"ఇది ఎప్పుడైనా మోగిందనుకోండి, ముందు నన్ను అడగండి" అన్నారు.

అడుగుతానన్నాను. అప్పుడు వడ్డించారు.